720కి ఎంత?

మా అమ్మాయి విల్లు పట్టి ఇది ఆరో ఏడు. ఈ ఆరేళ్లలో ఏ చుట్టాలింటికి వెళ్లినా, ఏ పెళ్లి పందిట్లో భోజనానికి కూర్చున్నా నాకు ఎదురయ్యేది ఒకటే ప్రశ్న. "ఆర్చరీ అంటున్నారు, మంచిదే. ఒలింపిక్స్‌లో ఉందా మరి?" నేను చెప్పే జవాబూ ఒకటే. "ఆర్చరీ ఉందండీ, మా అమ్మాయి ఆడే కాంపౌండ్ లేదు." ఆ మాట వినగానే అవతలివాళ్ల మొహంలో ఉత్సాహం తగ్గిపోయేది. విస్తట్లోకి పప్పు వచ్చేలోపు మాట ఎవరి పిల్లల ర్యాంకుల మీదికో వెళ్లిపోయేది.

2025 ఏప్రిల్‌లో ఆ జవాబు మారింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీని చేరుస్తున్నట్టు ప్రకటన వచ్చింది. మర్నాడు పొద్దున్నే మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇంక ఫర్వాలేదురా. పిల్ల కష్టం ఊరికే పోదు" అన్నాడు. మా అమ్మాయి మీద ప్రేమతో, మనసారా అన్నమాట అది. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు అదే బుర్రలో తిరిగింది. ఇంక ఊరికే పోదంటే, నిన్నటి దాకా ఊరికే పోయినట్టా?

ఆ రోజు నుంచీ రాద్దామనుకుంటున్నది ఇది. మా అమ్మాయి గురించి చెబితే తండ్రి మాటలా ఉంటుంది కాబట్టి, ఈ ఆటలో మనందరికీ తెలిసిన మనిషి గురించే చెబుతాను. వెన్నం జ్యోతి సురేఖ. బెజవాడ అమ్మాయి. నాలుగేళ్ల వయసులోనే కృష్ణానదిలో కిలోమీటర్ల కొద్దీ ఈది లిమ్కా బుక్‌లోకి ఎక్కింది. నాన్నగారు పశువుల డాక్టరు, ఒకప్పటి కబడ్డీ ఆటగాడు. నీళ్లలో మొదలైన ఆ పిల్ల విల్లు పట్టింది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మొట్టమొదటిసారి కాంపౌండ్ పోటీలు పెట్టినప్పుడు, 18 ఏళ్లకే భారత జట్టుతో కాంస్యం గెలిచింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా పన్నెండేళ్లుగా ప్రపంచంలో ముందు వరుసలోనే ఉంది. అంతకాలమూ మనం ఆమెకు పెట్టిన పరీక్షలో ఆమె రాయడానికి వీల్లేని ప్రశ్న ఒకటి ఉంది. ఆమె ఆడే ఆటే ఒలింపిక్స్‌లో లేదు.

ముందు కాంపౌండ్ అంటే ఏమిటో చెప్పాలి. టీవీలో ఒలింపిక్స్‌లో మనం చూసేది రికర్వ్ విల్లు. కొసలు ముందుకు వంగి ఉంటాయి, తాడును వేళ్లతో లాగుతారు. కాంపౌండ్ విల్లుకు రెండు కొసల్లోనూ చక్రాలు ఉంటాయి. 1960ల్లో అమెరికాలోని మిస్సోరీలో హాలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి అది. తాడు లాగడం మొదలుపెట్టినప్పుడు పూర్తి బరువు చేతి మీద పడుతుంది. చక్రాలు తిరిగాక, పూర్తిగా లాగి పట్టుకున్న చోట ఆ బరువు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గిపోతుంది. తాడును వేళ్లతో వదలరు, రిలీజర్ అనే చిన్న పరికరంతో వదులుతారు. గురి చూడటానికి భూతద్దం ఉన్న స్కోప్ ఉంటుంది.

ఇది చెప్పగానే తొంభై శాతం మంది అనేమాట నాకు కంఠతా వచ్చు. "అయితే సులువే కదా, మిషనే కొడుతుంది."

మిషన్ సులువు చేసినమాట నిజమే, దానికి తగ్గట్టు ఆటా బిగుసుకుంది. రికర్వ్‌లో లక్ష్యం 70 మీటర్ల దూరం, పది పాయింట్లు వచ్చే వృత్తం 12.2 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక సీడీ అంత. కాంపౌండ్‌లో 50 మీటర్లు, పది వృత్తం 8 సెంటీమీటర్లు. టీ కప్పు మూతి అంత. అసలు తేడా అది కూడా కాదు. రికర్వ్ మ్యాచ్ సెట్ల మీద నడుస్తుంది. ఒక బాణం పాడైతే ఆ సెట్ పోతుంది, తర్వాతి సెట్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాంపౌండ్ మ్యాచ్‌లో సెట్లు లేవు. 15 బాణాలు, 150 పాయింట్లు, అన్నీ కూడుకుంటూ పోవడమే. మొదటి మూడు బాణాల్లో ఒక తొమ్మిది పడితే ఆ పోయిన ఒక్క పాయింటు చివరి బాణం దాకా మనతోపాటే వస్తుంది. ఎదుటివాళ్లు పదులే కొడుతున్నారు. తొమ్మిది అంటే ఇక్కడ తప్పు కింద లెక్క. ఏ ఆటలోనైనా తొంభై శాతం మార్కులు వస్తే భుజం తడతాం. కాంపౌండ్‌లో 135 కొట్టినమ్మాయి మొదటి రౌండ్‌లోనే ఇంటికి వచ్చేస్తుంది.

ఒక బాణం ఎలా వెళుతుందో దగ్గర నుంచి చూస్తే ఇంకా అర్థమవుతుంది. విల్లెత్తి, లాగి, చెయ్యి దవడ దగ్గర ఆన్చాలి. తాడులో గుచ్చిన పీప్ సైట్ అనే చిన్న రంధ్రంలోంచి స్కోప్ కనపడాలి. స్కోప్ కింద లెవెల్ బుడగ మధ్యలో ఉండాలి. స్కోప్‌లోని చుక్క టార్గెట్ మధ్యలోని పసుపు మీదికి రావాలి. ఇవన్నీ కుదిరాక అసలు సంగతి మొదలవుతుంది. ఆ చుక్క నిలబడదు. ఎంత గొప్ప ఆర్చర్‌కైనా నిలబడదు. ఊపిరికి, గుండె కొట్టుకోవడానికి, గాలికి అది పది మీదా తొమ్మిది మీదా తిరుగుతూనే ఉంటుంది.

మొదట్లో మా అమ్మాయికి నేను అర్జునుడి కథ చెప్పేవాణ్ని. చెట్టు కనపడలేదు, కొమ్మ కనపడలేదు, పిట్ట కన్ను ఒక్కటే కనపడింది అని. వాళ్ల కోచ్ ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "సార్, ఆ కథ కొన్నాళ్లు ఆపండి. చుక్క పిట్ట కన్ను మీదికి వచ్చినప్పుడు వదలాలని పాప ఎదురుచూస్తోంది. అక్కడే పాడవుతోంది" అన్నారు. చుక్క మధ్యలోకి రాగానే వేలు దానంతట అదే రిలీజర్‌ని నొక్కేయడం, లేదా చుక్క మధ్యలోకి రాకముందే బిగుసుకుపోవడం, దీన్ని టార్గెట్ పానిక్ అంటారు. చుక్క తిరుగుతుందని ఒప్పుకుని, దాన్ని తిరగనిచ్చి, వీపు కండరాలతో నెమ్మదిగా లాగుతూ ఉంటే బాణం ఎప్పుడు వెళ్లిందో మనకే తెలియకూడదు. మాటల్లో ఇంతే. మా అమ్మాయి రెండో ఏడులో దీని బారిన పడింది. అయిదు నెలలు టార్గెట్ కాగితం లేకుండా, అయిదు మీటర్ల దూరం నుంచి ఉత్త గడ్డిబోర్డు మీదికి, కళ్లు మూసుకుని బాణాలు వేసింది. రోజుకు రెండు వందలు. ఆ తాడు లాగాలంటే ప్రతిసారీ దాదాపు 22 కిలోల బరువు లాగినట్టే. బియ్యం బస్తాకి కొంచెం తక్కువ. రోజుకు రెండు వందలసార్లు. ఆ అయిదు నెలల్లో ఒక్క పోటీ లేదు, ఒక్క స్కోరు లేదు, చుట్టాలకు చెప్పుకోవడానికి ఒక్కమాట లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్ల ఆటలో నేను అన్నిటికంటే గౌరవించేది ఆ అయిదు నెలలనే.

ఇది తెలిశాక జ్యోతి సురేఖ అంకెలు చూడండి. 2023 ఏప్రిల్‌లో అంటాల్యా ప్రపంచకప్ క్వాలిఫికేషన్‌లో 72 బాణాలకు 713 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసింది. 720కి 713. పోయినవి ఏడంటే ఏడు పాయింట్లు. అదే సంవత్సరం అక్టోబర్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలు. ఓజస్ దేవ్‌తలేతో కలిసి మిక్స్‌డ్ ఫైనల్‌లో కొరియా మీద 159-158. 16 బాణాలకు 160 పాయింట్లు, అందులో ఇద్దరూ కలిసి పోగొట్టుకున్నది ఒక్క పాయింటు. ఆ ఒక్కటీ కాక ఇంకొక్కటి పోయి ఉంటే మ్యాచ్ సమమయ్యేది. మర్నాడు అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి టీమ్ ఫైనల్లో చైనీస్ తైపీ మీద 230-229. మళ్లీ ఒక్క పాయింటే. ఆ తర్వాత వ్యక్తిగత ఫైనల్లో కొరియాకు చెందిన సో చేవాన్ మీద 149-145. అంటే పద్నాలుగు పదులు, ఒక తొమ్మిది. మూడు స్వర్ణాలు. ఆ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో ఉన్న అయిదు స్వర్ణాలూ మనవే.

కానీ జ్యోతి గురించి నాకు ఎక్కువ గుర్తుండేది ఆ వారం కాదు. అంతకు రెండేళ్ల ముందు అమెరికాలోని యాంక్టన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్. మూడు ఫైనల్స్ ఆడింది. వ్యక్తిగతం, మిక్స్‌డ్, టీమ్. మూడింట్లోనూ ఎదురుగా కొలంబియా. వ్యక్తిగత ఫైనల్లో సారా లోపెజ్ చేతిలో 144-146. సారా అంటే ఈ ఆటలో అప్పటికి తిరుగులేని పేరు. మూడూ ఓడిపోయి మూడు రజతాలతో ఇంటికి వచ్చింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒకే మనిషి మూడు ఫైనల్స్‌కి చేరడమంటే ఏమిటో ఈ ఆట తెలిసినవాళ్లకి తెలుసు. మా వీధిలో ఆ రోజు ఎవరూ మాట్లాడుకోలేదు. అప్పటికి నెలరోజుల ముందే టోక్యో ఒలింపిక్స్ అయిపోయాయి. జనం చప్పట్లు కొట్టడం అక్కడితో పూర్తయిపోయింది.

ఇంకొకటి. 2023 ఆగస్టులో బెర్లిన్. జ్యోతి, అదితి, పర్ణీత్ కలిసి మెక్సికో మీద 235-229తో గెలిచారు. ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రలో భారత ఆర్చరీకి అదే మొదటి స్వర్ణం. రికర్వ్‌లో కూడా అంతకు ముందు రాలేదు. మర్నాడు వ్యక్తిగత సెమీస్‌లో జ్యోతికి ఎదురుగా నిలబడింది ఆ జట్టులోని అదితే. 17 ఏళ్ల పిల్ల, జ్యోతికంటే పదేళ్లు చిన్న. అదితి 149 కొట్టింది, జ్యోతి 145. అదితి వెళ్లి ప్రపంచ చాంపియన్ అయింది. జ్యోతి ఆ ఓటమి తర్వాత కాంస్యం మ్యాచ్‌కి వచ్చి 150కి 150 కొట్టింది. నిన్న తనతో కలిసి స్వర్ణం గెలిచిన పిల్ల చేతిలో ఓడిన రోజునే, మళ్లీ గీత మీదికి వచ్చి పదిహేను పదులు. మా అమ్మాయికి ఇప్పుడు అర్జునుడి కథ బదులు ఇదే చెబుతాను.

ప్రపంచకప్ ఫైనల్ అని ఏడాది చివర ఎనిమిది మందితో ఒక పోటీ ఉంటుంది. 2022లో, 2023లో అక్కడ ఆమె మొదటి రౌండ్‌లోనే ఓడింది. 2025 అక్టోబర్‌లో నాన్‌జింగ్‌లో మళ్లీ ఆడింది. సెమీస్‌లో మెక్సికోకు చెందిన ఆండ్రియా బెసెరా చేతిలో 143-145తో ఓడింది. కాంస్యం కోసం బ్రిటన్‌కు చెందిన ఎల్లా గిబ్సన్‌తో ఆడి 150-145తో గెలిచింది. మళ్లీ పదిహేనుకి పదిహేను పదులు. ప్రపంచకప్ ఫైనల్లో పతకం గెలిచిన మొదటి భారత మహిళా కాంపౌండ్ ఆర్చర్ ఆమే. అప్పటికి వయసు 29.

ఇప్పుడు నా వాదన వినండి. ఈ మనిషి 2025 ఏప్రిల్ వరకు చేసినదంతా ఒలింపిక్స్ లేని కాలంలో చేసింది. ఆ తలుపు తెరుచుకుంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. అయినా రోజూ వెళ్లి ఆ రెండు మూడు వందల బాణాలు వేసింది. బాబాయ్ లెక్క ప్రకారం చూస్తే ఇదంతా ఊరికే పోవాల్సిన కష్టం. నా లెక్క ప్రకారం మన తెలుగు నేల మీద పుట్టిన అతి గొప్ప క్రీడాజీవితాల్లో ఇది ఒకటి. 2028లో ఏం జరిగినా జరగకపోయినా ఇందులో ఒక్క బాణం విలువ కూడా మారదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో నిజం కూడా ఉంది. ప్రభుత్వం దగ్గర డబ్బు కొంతే ఉంటుంది, ఎక్కడో ఒకచోట గీత గీయాలి, అందరికీ అర్థమయ్యే కొలత ఒలింపిక్స్ కదా అంటారు. ఇంకో మాట కూడా అంటారు. కొరియా తన బలమంతా రికర్వ్ మీద పెట్టింది కాబట్టి కాంపౌండ్‌లో మనకి సందు దొరికింది అని. కొంతవరకు ఒప్పుకుంటాను. కొరియా మహిళల రికర్వ్ జట్టు 1988 నుంచి 2024 దాకా వరసగా పది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. ఆ గోడ లాంటి గోడ కాంపౌండ్‌లో లేదు. కానీ అమెరికా ఉంది, కొలంబియా ఉంది, మెక్సికో ఉంది, కొరియా కూడా ఉంది. హాంగ్‌జౌ ఫైనల్స్ రెండింట్లో ఎదురుగా నిలబడింది వాళ్లే. ఇక అందరికీ అర్థమయ్యే కొలత అన్నమాట. ఆ కొలత ఉన్నవాళ్లకైనా న్యాయం చేశామా?

దీపికా కుమారి రికర్వ్ ఆడుతుంది. రాంచీ దగ్గర ఆటో డ్రైవర్ కూతురు. 2012లోనే ప్రపంచ నంబర్ వన్. ప్రపంచకప్ ఫైనల్లో అయిదు రజతాలు. 2022 చివర్లో బిడ్డను కని, మళ్లీ విల్లు పట్టి పారిస్ దాకా వెళ్లింది. నాలుగు ఒలింపిక్స్ ఆడింది, పతకం రాలేదు. ప్రతి నాలుగేళ్లకూ ఒక వారం పాటు ఆమెను తిట్టడానికే దేశమంతా ఆర్చరీ చూస్తుంది. మిగతా మూడేళ్ల యాభై ఒక్క వారాలు ఆమె ఏం చేస్తుందో పట్టదు. ఒలింపిక్స్ లేనందుకు జ్యోతిని లెక్కలోకి తీసుకోలేదు. ఒలింపిక్స్ ఉన్నందుకు దీపికను ఓడినమనిషిగా రాసేశాం. ఇద్దరికీ సరిపోని కొలత పెట్టుకుని, లోపం వాళ్లలో వెతుకుతున్నాం.

ఇది మాటలతో ఆగదు, కాగితాల దాకా వస్తుంది. మా అమ్మాయి ఇంటర్ అయ్యాక ఒక కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటుకి వెళ్లాం. జాతీయ స్థాయి సర్టిఫికెట్ చేతిలో ఉంది. అక్కడి ఆయన దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "ఇది ఒలింపిక్ ఈవెంట్ కాదు కదండీ" అని వెనక్కి ఇచ్చేశాడు. నిబంధన చూపించమంటే చూపించలేదు. అడిగినందుకు విసుక్కున్నాడు. బయటికి వచ్చాక మా అమ్మాయి ఏమీ అనలేదు. సర్టిఫికెట్ మడత పడకుండా ఫైల్లో పెట్టుకుని, "నాన్నా, మూడింటికి ప్రాక్టీస్ ఉంది, ఆటో పిలువు" అంది. నాకు మాత్రం ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

సరే, ఇప్పుడు ఒలింపిక్స్ వచ్చింది కదా, సంతోషమే కదా అంటారు. సంతోషమే. నేనూ ఆ వార్త చదివి కళ్లు తుడుచుకున్నవాణ్నే. కానీ ఆ తలుపు ఎంత ఇరుకో కూడా చూడాలి. వచ్చింది మిక్స్‌డ్ టీమ్ ఒక్కటే. అంటే దేశానికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. మన దేశంలో ఈ రోజు ఆ ఒక్క స్థానానికి తగినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. జ్యోతి ఉంది. అదితి ఉంది. పర్ణీత్ ఉంది. 2025 నవంబర్‌లో ఢాకాలో ఆసియా చాంపియన్‌షిప్ ఫైనల్లో జ్యోతితో 147-145 దాకా తలపడిన ప్రితిక ప్రదీప్ ఉంది. మన పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత ఉంది. 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో అండర్-21 ప్రపంచ చాంపియన్ అయింది. వీళ్లలో ఒక్కరే లాస్ ఏంజెలిస్‌లో గీత మీద నిలబడతారు. అప్పటికి జ్యోతికి 32 నిండి ఉంటాయి. ఆమే వెళ్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. వెళ్లకపోతే, ఇన్నేళ్ల తర్వాత తలుపు తెరిచాక కూడా లోపలికి పోలేకపోయింది అని రాసే పెన్నులు ఇప్పటి నుంచే సిద్ధమవుతున్నట్టు నాకు అనిపిస్తుంది. మిగిలిన నలుగురి సంగతో? వాళ్ల బాణాలు మళ్లీ ఊరికే పోయినవాటి లెక్కలోకి వెళ్తాయా?

ఇప్పుడు అకాడమీల్లో కూడా గాలి మారుతోంది. నిన్నటి దాకా పిల్లల్ని కాంపౌండ్ మానిపించి రికర్వ్‌లోకి మార్చమన్నవాళ్లే, ఇప్పుడు అటు నుంచి ఇటు మార్చమంటున్నారు. ఒక తండ్రి నన్ను గ్రౌండ్‌లోనే అడిగాడు. "2028కి మా వాడు తయారవుతాడంటారా?" వాళ్లవాడికి పదమూడేళ్లు. ఒక కాంపౌండ్ సెట్ కొనాలంటే రెండు మూడు లక్షలు. పిల్లవాడి చెయ్యి పెరిగే కొద్దీ విల్లు సరిచేయాలి, బాణాలు మార్చాలి. ఆ డబ్బంతా ఒక్క తేదీ మీద పందెం కాసినట్టు పెడితే, ఆ తేదీ దాటిన మర్నాడు ఆ పిల్లవాడికి ఏం చెబుతారు? ఆ తండ్రితో నేను చాలాసేపు మాట్లాడాను. విల్లు కొనమనే చెప్పాను. ఆ సంవత్సరం గురించి మాత్రం పిల్లవాడి ముందు మాట్లాడొద్దని చెప్పాను.

పోయిన ఆదివారం బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు, నాతో పాటు గ్రౌండ్‌కి కూడా వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ వేసి నీడలో కూర్చోబెట్టాను. మధ్యాహ్నం గాలి ఎక్కువగానే ఉంది, టార్గెట్ల మీద కట్టిన జెండాలు ఎటుపడితే అటు కొట్టుకుంటున్నాయి. మా అమ్మాయి పన్నెండు ఎండ్‌లు, అంటే ఆరేసి బాణాల చొప్పున పన్నెండు విడతలు పూర్తిచేసి, బాణాలు పీక్కుని, స్కోర్‌షీట్ పట్టుకుని వచ్చింది. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని షీట్ అందుకున్నాడు. కాసేపు పై నుంచి కింది దాకా చూసి అడిగాడు.

"ఎంతకి ఎంతమ్మా ఇది?"

"720కి 681, తాతయ్యా."

ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. "అయితే ముప్పై తొమ్మిది పోయాయి."

"గాలికి ఒక పది పోయుంటాయి తాతయ్యా" అంది మా అమ్మాయి, రిలీజర్ మణికట్టు నుంచి విప్పుకుంటూ. "మిగతావి నేనే పోగొట్టా."